అక్క సర్వర్

బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ నడిపే కృష్ణవేణమ్మ గొంతు రాళ్లు కోసే మిషన్ల మోతను దాటి వినిపిస్తుంది. భర్త పోయాక ఫ్యాక్టరీ అమ్మేయమన్నారు చుట్టాలు. ఆమె వినలేదు. క్వారీ వాళ్లతో, లారీ డ్రైవర్లతో తానే మాట్లాడి నిలబెట్టుకుంది.

పన్నెండేళ్ల కిందట తన ఫ్యాక్టరీ ఉన్న రోడ్డు మీది ఫ్యాక్టరీల వాళ్లందరినీ ఒప్పించి, వాళ్ల సంఘం ఆఫీసులో ఒకే సర్వర్ పెట్టించింది కూడా ఆమే. అందరి బిల్లులూ, సరుకు వివరాలూ దాంట్లోనే. "నా రేట్లు పక్కోడు చూస్తే?" అని మొదట అందరూ జంకారు. ఎవరి పాస్‌వర్డు వాళ్లకే ఇప్పించి, ముందు తన బిల్లులే ఎక్కించింది. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. దానికి 'అక్క సర్వర్' అనే పేరే నిలిచిపోయింది.

ఈ ఎండాకాలం అది మొరాయించింది. మధ్యాహ్నమైతే చాలు, వేడెక్కి ఆగిపోయేది. రాళ్లు నింపుకున్న లారీలు బిల్లు కోసం బారులు తీరేవి. కర్నూలు నుంచి ఇంజనీరు హనుమేష్ వచ్చి విప్పి చూస్తే లోపలంతా తెల్లటి రాతిపొడి.

సంఘం కూర్చుంది.

"దుమ్ము దులిపి, డిస్కులు, మెమరీ మారిస్తే ఇంకొన్నాళ్లు నడుస్తాది. లేదంటే కొత్తది కొనాల," అన్నాడు హనుమేష్.

"మార్చి వాడుకుందాం. అక్క తెచ్చింది, తీసేస్తే ఏం బాగుంటాది?" అన్నాడు సంఘం అధ్యక్షుడు లక్ష్మన్న. అందరూ తలలూపారు.

కృష్ణవేణమ్మ హనుమేష్ వైపు తిరిగింది. "ఏమప్పా, డిస్కులు మార్చినాక మదర్‌బోర్డు పోతే?"

"ఆ మోడల్ ఇప్పుడు రావడం లేదమ్మా. యాడైనా పాతది దొరికేదాకా అందరి బిల్లులూ ఆగిపోతాయి."

"అయితే కొత్తదే కొందాం. లక్ష్మన్నా, కోత మిషన్‌కు బ్లేడు అరిగితే బ్లేడు మారుస్తాం. కింద దిమ్మె పగిలితే మిషనే మారుస్తాం గదా. నా మొగం చూసి దీన్ని ఉంచొద్దండి."

"నీకు బాధ లేదా అక్కా?"

"శానా ఉండాది. అయినా లారీలు నా బాధ కోసం నిలబడవు గదప్పా."

కొత్త సర్వర్‌ను దుమ్ము చొరబడని లోపలి గదిలో, ఏసీ వేసి పెట్టారు. ఆదివారం పాత వివరాలన్నీ అందులోకి ఎక్కిస్తున్నంతసేపూ ఆమె అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంది. ఒక్కో ఫ్యాక్టరీ పాత బిల్లు తెరిపించి, సరిగ్గా ఉందని చూసుకున్నాకే పాతదాన్ని ఆపనిచ్చింది. సోమవారం మధ్యాహ్నం బయట ఎండ మండిపోతున్నా బిల్లు కోసం ఒక్క లారీ ఆగలేదు.

వానలు మొదలయ్యాక దగ్గర్లోని డోన్ ఊరి నుంచి వ్యాపారులు కొందరు ఈ ఏర్పాటు చూడడానికి వచ్చారు. లక్ష్మన్న ఆమెను ముందుకు పిలిచి, "మా ఊర్లో సర్వర్ పెట్టించిందీ ఈయమ్మే, టైం చూసి దించిందీ ఈయమ్మే," అన్నాడు ఛాతీ విరుచుకుని.

కృష్ణవేణమ్మ వద్దనలేదు. తల ఎత్తుకునే విన్నది.

"ఏ కంపెనీది కొనమంటారమ్మా?" అని అడిగారు వాళ్లు.

"అది హనుమేష్ చెప్తాడు లెండి. మీలో ఒకరి మీద ఒకరికి నమ్మకముండాదా? ముందు ఆ సంగతి మాట్లాడుకుందాం, కూర్చోండి," అని కాఫీలు పురమాయించింది.