లాకు దగ్గర ఆరు నిశానీలు

నాకు కోపం ఎక్కువని ఇంటా బయటా అంటారు. నిజమే. అయితే అందులో సగానికి పైగా పుట్టుకతో వచ్చింది కాదు, కాలువల కచేరీ పెట్టింది.

మా లాకులో నేను పదకొండేళ్లు రెండో మనిషిని. దిగువ నుంచి రాజమండ్రి వైపు పోయే పడవ లాకు గదిలోకి రాగానే వెనక తలుపులు మూసి, ముందు తలుపుల్లోని తూములెత్తి, నీళ్లు నింపి పడవను పైకి తేవడం మా పని. తూము బెత్తెడు ఎత్తాలి, ఆగాలి, మళ్లీ బెత్తెడు. ఒక్కసారిగా ఎత్తితే నీళ్లు విరుచుకుపడి పడవను రాతిగోడకేసి కొడతాయి. పడవ తొణక్కుండా పైకి తేలిందంటే ఆ పూట నాకు అన్నం కూడా రుచిగా ఉండేది.

లాకు పెద్ద చనిపోయినప్పుడు ఆ ఉద్యోగం నాదేనన్నారు అందరూ. అంతలో కచేరీ హెడ్ గుమాస్తా తన బావమరిది ధాన్యం పడవలను ముందు వదలమన్నాడు. వచ్చిన వరసలోనే వదలడం మా లాకు కట్టుబాటు. కుదరదన్నాను.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందయ్యా" అని నవ్వాడు.

నెల తిరక్కుండా ఆ ఉద్యోగం అతని అడుగులకు మడుగులొత్తే ఒక గుమాస్తాకు వెళ్లింది. తూము ఎటు తిప్పితే లేస్తుందో తెలియని మనిషి నాకు పైవాడు! ఒళ్లు మండిపోయింది.

కొన్నాళ్లకు హెడ్ గుమాస్తా పడవలో తనిఖీకి వచ్చాడు. అతను గట్టు మీదికి దిగి నిలబడితే కొత్తగా వచ్చిన లాకు పెద్ద అతనికి గొడుగు పట్టాడు. కింద పడవలో ముసలి సరంగు ఒక్కడే ఉన్నాడు.

"అయ్యగారు ఎండలో ఉన్నారు, తూములు పూర్తిగా ఎత్తించవయ్యా!" అన్నాడు పెద్ద.

"ఎత్తకూడదండి, పడవ గోడకి కొట్టుకుంటుంది."

"నాకే చెప్తావేంటి?" అని తనే తూములెత్తే ఆరుగురు లస్కర్లను కేకేశాడు.

ఆరుగురూ ఒకసారి నా మొహం చూసి ఎత్తేశారు. పడవ గిర్రున తిరిగి గోడను గుద్దింది. అడ్డం పెట్టిన సరంగు కుడిచెయ్యి మధ్యలో నలిగిపోయింది.

సాయంత్రానికి కాగితం తయారైంది. ఉద్యోగం రాలేదన్న అక్కసుతో, పెద్ద మాట వినకుండా నేనే తూములెత్తించానట. రాయడం రాని ఆ ఆరుగురూ దానికింద నిశానీలు పెట్టారు. కచేరీకి పై అధికారి అయిన దొర నన్ను పిలిచి అడిగితే ఉన్నది చెప్పాను. చెబుతుంటే గొంతు లేచింది.

"చూశారా దొరగారూ, ఇదండీ వీడి వరస" అన్నాడు హెడ్ గుమాస్తా.

అంతే. నన్ను కాలువ గట్టు మీద తుంగ కోసే పనికి వేశారు. పిల్లలున్నవాళ్లు, భయపడ్డారు పాపం అని లస్కర్ల తరఫున మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. నాకు లేరా పిల్లలు?

రెండు నెలలకు సరంగు నన్ను వెతుక్కుంటూ గట్టు మీదికి వచ్చాడు. కుడిచేతికి మూడు వేళ్లు లేవు. లాకు గది అడుగునుంచి పైన ఎవరేం చేశారో కనపడదు. కాగితంలో ఉన్నదే అతనికి చెప్పారు. అతను తిట్టలేదు.

"లాకు మీద మీరున్నారంటే నిద్దరోతా దాటేవోణ్ణి బాబుగారూ. నామీద మీకేం కోపమండి?"

"నేను కాదు!" అని అరిచాను.

ఆ అరుపుకు అతను చెయ్యి గుండెలకు అదుముకుని రెండడుగులు వెనక్కి వేశాడు.