బయట వేసిన గడియ

దెయ్యాలు, పూనకాలు నేనెప్పుడూ నమ్మలేదు. మానసిక సమస్యలతో వచ్చేవాళ్లతో మాట్లాడటమే నా ఉద్యోగం. పూనకం అని తీసుకొచ్చినవాళ్లను చాలామందిని చూశాను. అయినా సికింద్రాబాద్‌లో ఆ రోజు నాకు జరిగిందేమిటో చెప్పలేను.

రాష్ట్రం విడిపోకముందు మాట. హెలెన్ అనే విదేశీ నిపుణురాలు మాకు కొత్త పద్ధతి నేర్పడానికి వచ్చింది. ఏళ్ల తరబడి గతాన్ని తవ్వకుండా, కొద్ది సిట్టింగుల్లోనే మనిషిని ముందుకు నడిపించే థెరపీ అది. పట్టపగలు, ఒక చర్చి హాల్లో, కిటికీలన్నీ తెరిచి కూర్చున్నాం.

ఏదైనా చిన్న సమస్య కల్పించుకుని పేషెంటులా తన ఎదురుగా కూర్చోమంది నన్ను. అత్తగారితో వంటింటి గొడవ ఒకటి అల్లుకున్నాను.

ఈ రాత్రి నిద్రలో ఉండగానే మీ సమస్య మాయమైపోతే, పొద్దున లేవగానే ముందు ఏం గమనిస్తారు అని అడిగింది.

వంటింటి గొడవ నోటికి రాలేదు.

"గడియ తీసి ఉంటది," అన్నాను తెలుగులో.

మాది గుంటూరు వైపు. ఆ యాస నాది కాదు. లేద్దామంటే కాళ్లు రాలేదు. నా నోరు మాత్రం చెప్పుకుపోతూనే ఉంది. కిటికీకి రేకు కొట్టారట. వెనక గుట్టట. రైలు పోతే రేకు అదురుతుందట. వదిన తలుపు సందులోంచి పళ్లెం తోస్తుందట. ఆపాలనుకున్నా ఆపలేకపోయాను. నా లోపలే నన్ను పెట్టి తాళం వేసినట్టుంది.

హెలెన్ నా చేతులు పట్టుకుని పేరు పెట్టి గట్టిగా పిలిస్తే గాని తేరుకోలేదు. అలసట అంది ఆవిడ.

కానీ నాతో పనిచేసే సుజాత ముఖం పాలిపోయింది. వాళ్లది మౌలాలి, గుట్ట కింద రైలు పట్టాల పక్కనుండే పేట. "అక్కా, మా గల్లీ చివర్ల రేకు కొట్టిన కిటికీ ఒకటుంది. ఆడ సామాన్లు పెట్టినమంటరు," అంది మెల్లగా. నేను అంతవరకు మౌలాలిలో అడుగు పెట్టలేదు.

ఏమని చెప్పి తలుపు తీయమంటాం? చాలాసేపు తర్జనభర్జన పడ్డాం. చివరికి సాయంత్రం తెలిసిన కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకుని వెళ్లాం. ఆ ఇంటావిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"మా ఆడబిడ్డకు దిమాగ్ మంచిగ లేదు. బయటికొస్తే అందర్ని పరేషాన్ చేస్తది," అంది.

కానిస్టేబుల్ ఆమెను పక్కకు జరగమని గడియ తీశాడు. లోపల గోడకు ఆనుకుని ఒక అమ్మాయి ఉంది. వెలుతురుకు కళ్లు చిట్లించుకుని, మిగతావాళ్లందరినీ వదిలేసి నన్నే చూసింది.

"ఎన్నిసార్లు పిలిచిన అక్కా. గిప్పుడా వచ్చేది?"

ఆ అమ్మాయిని ఆస్పత్రిలో చేర్పిస్తే మెల్లగా కోలుకుంది. తర్వాత అల్వాల్‌లో కుట్టుపని చేసుకుని బతికింది. నన్నెలా పిలిచావని ఒకసారి అడిగాను. ఆ మాటే గుర్తులేదంది.

సుజాత రోజూ ఆ కిటికీ పక్కనుంచే బస్సుకు నడిచేది. ఆమెకు ఏనాడూ ఏమీ వినపడలేదు. నాకెలా వినపడిందో ఇప్పటికీ తెలియదు.