కిర్రుమన్న కుర్చీ

వేలు తెగిపోయినా, పని కనబడితే చెయ్యి ఎందుకు ఊరుకోదో ఇప్పటికీ అంతుపట్టదు. కోతమిల్లు రంపానికి ఎడమ బొటనవేలు పోగొట్టుకున్న వడ్రంగి, నష్టపరిహారం విచారణకు భార్యతో వచ్చాడు. అధికారి కుర్చీ కిర్రుమంది. అంతే, ఆయన్ని లేపి, సంచిలోంచి సుత్తి తీసి కుర్చీ కింద దూరాడు.

"చూశారా సార్, చెయ్యి భేషుగ్గా ఉంది!" యజమాని తరఫు లాయరు సంబరపడ్డాడు.

"కొంప ముంచావు కదయ్యా!" భార్య తల బాదుకుంది. అతని వేళ్లలోంచి మేకు రెండుసార్లు జారడం చూసి, తనే వంగి పట్టుకుంది.

"ఇదివరకు మేకు ఎవరు పట్టుకునేవారమ్మా?" నిలబడే అడిగాడు అధికారి.

"ఆయనేనండీ. నన్ను దగ్గరికి రానిస్తేగా!"

అధికారి నవ్వి, "పోయిందేమిటో కళ్లముందే ఉంది. పరిహారం ఇవ్వాల్సిందే" అన్నాడు లాయరుతో.

భార్య దండం పెడుతుండగానే, వెళ్లొస్తానని కూడా అనకుండా వడ్రంగి బయటపడ్డాడు. వరండాలో ఓ తలుపు సరిగ్గా పడడం లేదట.