జొరముందని చెప్పిన మనిషి

దారిన పోయే బైరాగి వచ్చి వల తాడు మీద చెయ్యి వేసినా గుప్పెడు చేపలు పెట్టి పంపే ఊరు మాది. ఆ ఊరే మా బావ చేతిని తాడు మీద పడనివ్వలేదు. పదిహేనేళ్లుగా ఈ మాట నా గొంతులో చేపముల్లులా ఉంది. మొన్న శనివారం మా బావ పెద్దాసుపత్రిలో పోయాడు. ఇక ముల్లు దిగమింగుకుని బతకడం నా వల్ల కాదు. ఇక్కడ కక్కేస్తున్నాను.

సంఘం వాళ్లు వారం వారం అచ్చేసి పంచే ఈ కాగితానికి బావ గురించి నాలుగు మంచి మాటలు రాసిమ్మన్నారు. నాకు చదువు లేదు. రాత్రిబడిలో పట్టుబట్టి నేర్చుకున్న అక్షరాలే. తప్పులుంటే దిద్దుకోండి. మాటలు మాత్రం దిద్దకండి.

బావ అంటే మా చెల్లెలి మొగుడు. నా ఈడువాడే. నేను బావా అంటే అతనూ బావా అనేవాడు. పొట్టి మనిషి, గొంతు మాత్రం ఆరడుగులు. హార్బర్‌లో తెల్లారగట్ల చేపల వేలంపాట జరిగేటప్పుడు ఇతను పక్కనున్నవాడితో మామూలుగా మాట్లాడినా పాట పాడేవాడు ఆగిపోయేవాడు. "నువ్వు నోరు మూసుకుంటేగానీ రేటు తెగదు, బాబూ" అని అతన్ని దూరంగా పంపేసేవారు. అతనూ నవ్వుకుంటూ ఐసు ఫ్యాక్టరీ గోడ దాకా పోయి అక్కణ్నించి మళ్లీ మాట్లాడేవాడు. అక్కణ్నించీ వినబడేది.

ఆ గొంతు ఊరికే వచ్చింది కాదు. మేము కుర్రాళ్లుగా ఉన్నప్పుడు బోట్లలో వైర్‌లెస్సులు లేవు. వేటలో ఏదన్నా చెప్పాలంటే కేకే. నీళ్ల కింద రాయి ఉన్నచోట వల వేస్తే వల పోతుంది, ఒక్కోసారి బోటూ పోతుంది. అందుకని రాయి తగిలినవాడు పక్క బోటుకి అరిచి చెప్పాలి, ఆ బోటు వాడు ఇంకో బోటుకి చెప్పాలి. బావ ఎప్పుడూ ఒకటే అనేవాడు. "సేపలెక్కడున్నాయో అబద్ధం ఆడు బావా, అందరం ఆడతాం. రాయెక్కడుందో అబద్ధం ఆడితే పక్కోడు ములిగిపోతాడు." చేపల సంగతిలో అతను ఆడని అబద్ధం లేదు. నాతో కూడా ఆడేవాడు. అతని మాట నమ్మి నేను దక్షిణానికి పోతే, తను ఉత్తరాన బోటు నిండా వంజరాలు తెచ్చి, నా మొహం చూసి కడుపు పట్టుకుని నవ్వేవాడు. రాయి సంగతిలో మాత్రం ఒక్కనాడూ ఆడలేదు. అతని చావు బతుకులు రెండూ ఈ ఒక్క అలవాటులోంచే వచ్చాయి.

ఇక ఆ ఏడాది సంగతి. సూరత్‌లో ప్లేగు అన్నారు, గుర్తుందా? దసరా ముందు. అప్పటికి బావ గుజరాత్ బోట్ల మీద పనికి పోయి ఉన్నాడు. మన కుర్రాళ్లు ఇప్పుడు పోతున్నట్టే అప్పుడూ పోయేవారు. అక్కడ వల లాగే మర, వించి అంటారు, దాని తాడులో అతని వేలు నలిగింది. కట్టు కట్టించుకుని ఇంటికని రైలెక్కాడు. బండి సూరత్ దగ్గరికి వస్తుంటే పెట్టెలో కిటికీలన్నీ దించేశారట. టీ అమ్మేవాడు లేడు, నీళ్లవాడు లేడు. ప్లాట్‌ఫారం మీద జనం మూటలతో తలుపులు బాదుతున్నారట. ఎలాగో ఒక తల్లి బిడ్డని ఎత్తుకుని లోపలికి పడింది. ఆమెను ఎవరూ పక్కన కూర్చోనివ్వలేదు. బిడ్డ నీళ్లకి ఏడుస్తోంది. బావ తన చోటు ఇచ్చి, తన సీసాలో నీళ్లు పట్టి, మిగిలిన దారంతా తలుపు దగ్గర నిలబడి వచ్చాడు.

ఇది నాకెలా తెలుసంటే ఊరందరికీ తెలుసు. బండి దిగి ఊళ్లోకి వచ్చీ రాగానే, గుమ్మం తొక్కకుండా, వీధిలో నిలబడి అతనే చెప్పాడు. "సూరత్ మీంచి వచ్చినాను. ఆ ఊరి బిడ్డకి నా సీసాలో నీళ్లు పట్టినాను. నాకు ఒళ్లు ఎచ్చగుంది. పిల్లల్ని దూరంగా ఉంచండి." రాయి ఉందని పక్క బోటుకి అరిచినట్టే అరిచాడు. ఆ వేడి వేలు చీము పట్టడం వల్ల వచ్చిందని తర్వాత తెలిసింది. అప్పుడెవరికి తెలుసు?

అదే బండిలో మన ఊరివాళ్లు ఇంకో ఇద్దరు వచ్చారు. వాళ్లని అడిగితే మద్రాసు వైపు నుంచి వస్తున్నాం అన్నారు. వాళ్లకి ఏమీ కాలేదు, మంచిదే. వాళ్ల పేర్లు నాకు తెలుసు. ఎవరికీ చెప్పొద్దని బావ నా చేత ఒట్టు వేయించుకున్నాడు, వాళ్లకీ పిల్లలున్నారని. ఒట్టు పెట్టించుకున్న మనిషి పోయినా నేను దాటను.

బావని ఒడ్డు చివర వలలు దాచుకునే పాకలో పెట్టారు. మా చెల్లెలు అన్నం గిన్నె ఇసకలో పెట్టి వెనక్కి వచ్చేస్తే అతను వచ్చి తీసుకునేవాడు. దాని మీద నాకు పేచీ లేదు. అడిగింది అతనే. జ్వరం తగ్గింది, వేలు మానింది, బయటికి వచ్చాడు. మర్నాడు పెద్దవల లాగుతున్నారు.

సముద్రం ఎరగనివాళ్లకి చెప్తాను. నావ వలని లోపలికి తీసుకుపోయి చుట్టూ వేసి, రెండు కొసల తాళ్లూ ఒడ్డుకి తెస్తుంది. ఒడ్డున రెండు జట్లు నిలబడి లాగుతాయి. ముసలి, ముతక, ఆడ, మగ ఎవరైనా లాగొచ్చు. తాడు పట్టినవాడికి వాటా. మన ఊళ్లో మనిషివని చెప్పడానికి ఇంకో గుర్తు లేదు. బావ లుంగీ ఎగ్గట్టి తాడు దగ్గరికి వచ్చాడు. కులపెద్ద అడ్డం వచ్చాడు.

"నీ మీద కోపం కాదురా. పిల్లలున్న ఊరు. తాడు ఒక సేతిలోంచి ఇంకో సేతిలోకి ఎల్తాది. నువ్వు ముట్టకు" అన్నాడు.

"అలగే పెద్దా" అన్నాడు బావ.

నేను ఊరుకోలేదు. "ఎన్నాళ్లు?" అని అడిగాను.

"సెప్తాంలే" అన్నాడు కులపెద్ద.

ఆ చెప్తాంలే అన్న మాట ఇప్పటికీ రాలేదు. ప్లేగు పోయిందన్నారు, దీపావళికి టపాకాయలు కాల్చారు. పిల్లలు మళ్లీ బావ వీపెక్కి ఆడారు. కులపెద్దే అతని ఎదురుగా కూర్చుని టీ తాగాడు, చిరిగిన వలలు బాగు చెయ్యమని ఇంటికి పంపాడు. తాడు ముట్టొచ్చని మాత్రం అనలేదు. మరిచిపోయి ఉంటాడని మీరు అనుకోవచ్చు. నేను రెండు సార్లు గుర్తు చేశాను. ఇప్పుడెవరు కాదన్నారు, పట్టుకోమను అన్నాడు. మన ఆచారం ఆయనకి తెలియదా? ఒడ్డు మీద పదిమందిలో అన్న మాటని ఒడ్డు మీద పదిమందిలో ఆ నోటితోనే వెనక్కి తీసుకోవాలి. ఇంట్లో కూర్చుని అంటే చెల్లదు.

బావ అప్పట్నించి హార్బర్‌లో వలలు కుట్టుకుని బతికాడు. వెదురు సూది చెవి మీద పెట్టుకుని, వల కొసని కాలి బొటనవేలికి తగిలించి, నలిగిన వేలిని పక్కకి చాపి కుట్టేవాడు. ఒడ్డున పుట్టి, చేపలు హార్బర్‌లో కొనుక్కుని తిన్నాడు. పెద్దవల ఒడ్డుకి వచ్చే వేళకి తప్పకుండా వచ్చేవాడు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, ఉత్తరం జట్టు వెనకబడింది, వల అడుగు తేలిపోతోంది అని కేకలేసేవాడు. ఒకసారి నీటి ఈడుపు ఎక్కువై జనం ఇసకలో జారి పడుతున్నారు. అతని కాలు ముందుకి పడింది. నేను చూశాను. మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. ఇంటికి వచ్చే దారిలో నేను తిట్టాను. ఏం మనిషివి, అంత బరువు జారిపోతుంటే తాడు పట్టాలని తెలియదా అని.

"నానే పోయి పట్టేస్తే దొంగతనంగా పట్టినట్టు బావా. ఆళ్ల నోట రావాల" అన్నాడు. అంతే. దాని మీద ఇంకెప్పుడూ మాట్లాడలేదు.

ఇప్పుడు ఈ పందుల జ్వరం. టీవీలో పూణే చూపించారు, బడులు మూసేశారన్నారు. పోర్టులో ఓడ దిగేవాళ్లని ఆపి జ్వరం చూస్తున్నారట. మందుల షాపుల్లో మూతిగుడ్డలు అయిపోయాయి. మా చెల్లెలు గోపాలపట్నంలో చేపలు అమ్ముతుంది. కొనేవాళ్లు రుమాళ్లు కట్టుకుని దూరం నుంచి బేరమాడేవారు. "మూతికి గుడ్డ కట్టుకుంటే రేటు తగ్గుతాదేటమ్మా?" అని ఇది వాళ్లని ఆటపట్టించి, ఇంటికొచ్చి చెప్పి నవ్వించేది. బావ కూడా నవ్వాడు. మాకు నవ్వు దొరికింది ఆ వారమే.

బావ ఇంటి పక్క మేస్త్రీ పూణేలో కట్టుబడి పని చేసి వచ్చాడు. ఇద్దరు పిల్లల తండ్రి. వచ్చిన మర్నాడు మంచం పట్టాడు. వానలో తడిశాడంది అతని పెళ్లాం. పూణే నుంచి కాదు, ఇక్కడే ఆనందపురంలో పని చేసి వచ్చాడంది. బావ నమ్మాడు. నమ్మడమే కదా అతని పని. రోజూ పోయి గంజి పట్టాడు, చెమట తుడిచాడు. మేస్త్రీ లేచాడు. బావ పడ్డాడు.

పడ్డ రోజు పొద్దున్నే తలుపు దగ్గరికి వచ్చి వీధికి చెప్పాడు. "నాకు జొరం. పిల్లల్ని ఇటు రానీకండి." గొంతు అప్పటికే బొంగురు పోయింది. అయినా వీధి చివరి దాకా వినబడింది. తలుపులన్నీ మూసుకున్నాయి. మూసుకోవాలి, అతను చెప్పింది అందుకే. కానీ పెద్దాసుపత్రికి తీసుకుపోవడానికి ఆటో వాడు కూడా రాలేదు. నేనూ మా చెల్లెలూ తోపుడుబండి మీద రోడ్డు దాకా తోశాం. బండి మీద పడుకుని కూడా, ఎదురొచ్చినవాళ్లకి చేత్తో దూరంగా పొమ్మని సైగ చేస్తూనే ఉన్నాడు. ఆసుపత్రిలో వేరే గదిలో పెట్టారు. మమ్మల్ని రానివ్వలేదు. ఆ జ్వరమా, ఇంకో జ్వరమా అన్నది గట్టిగా ఎవరూ చెప్పలేదు. ఊపిరి అందక పోయాడని మాత్రం చెప్పారు.

గుడ్డలో చుట్టి ఇచ్చారు. మొహం చూడనివ్వలేదు. ఊళ్లోకి తేకుండా అటే శ్మశానానికి పట్టుకుపోయాం. కొడుకు అందలేదు, బావ తమ్ముడు నిప్పు పెట్టాడు. మన ఊళ్లో మనిషి పోతే ఆ రోజు వేట ఉండదు. ఇది మా తాతలకి ముందు నుంచి ఉంది. ఆ రోజు చితి దగ్గర నిలబడి ఉంటే బోట్ల ఇంజన్ల చప్పుడు వినబడింది. శవం ఊళ్లోకి రాలేదు కాబట్టి వేట మానక్కర్లేదని అన్నారట. అన్నవాళ్లెవరో నాకు తెలుసు, మీకూ తెలుసు.

శ్మశానానికి వచ్చిన నలుగురిలో మేస్త్రీ ఒకడు. నా కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"నాను పూణే నుంచే వచ్చినాను మావా. సెప్పేద్దామనే అన్నాను. నీ బావని సేసినట్టే నన్నూ సేస్తారని మాయావిడ సెప్పనివ్వలేదు" అన్నాడు.

వాణ్ని కొడదామని చెయ్యి ఎత్తాను. దించాను. ఎవరిని కొట్టాలి?

కులపెద్దా, నీకు చెడ్డ మనసు ఉందని నేను అనను. పిల్లల కోసమే అడ్డం వచ్చావు. కానీ చూడు. చెప్పినవాడి చెయ్యి పదిహేనేళ్లు గాలిలో ఉంచావు, చెప్పనివాళ్లు హాయిగా లాగారు. ఊరు అది చూసి ఏం నేర్చుకుందో బావ ఇంటి పక్కింటి మంచం మీదే తెలిసింది.

ఇక బావ కొడుకు, నా మేనల్లుడి సంగతి. వాడూ గుజరాత్ బోట్ల మీదే ఉన్నాడు. తండ్రి పెద్దకర్మ చెయ్యడానికి బయల్దేరుతున్నాడు. బండి పూణే మీంచే వస్తుంది. నిన్న ఫోను చేశాడు. మధ్యలో రెండు సార్లు దగ్గు ఆపుకోలేక ఆగాడు.

"నాన్న అయితే సెప్పేసేవోడు మావా. నాకు పెళ్లాం పిల్లలున్నారు. సెప్పమంటావా, మానమంటావా?"

ఆ తండ్రి కొడుకు నన్ను ఆ మాట అడిగాడు. ముందు బండెక్కరా అన్నాను.

ఈ కాగితం శుక్రవారం మీ చేతికి వస్తుంది. వాడు సోమవారం పొద్దున్న దిగుతాడు. ఆదివారం సాయంత్రం లోపు ఒడ్డు మీదకి వచ్చి, అందరూ వినేలా చెప్పండి. జ్వరముందని చెప్పినవాడికి మందు, గంజి, దూరంగా ఒక పాక ఇస్తారు, బాగుపడ్డ రోజున మనిషిగా వెనక్కి తీసుకుంటారు అని చెప్తారా? లేక చెప్తాంలే అంటారా?

బండి గోదావరి వంతెన ఎక్కాక మళ్లీ ఫోను చేస్తానన్నాడు. వంతెన మోతలో సరిగా వినబడదు, గట్టిగా చెప్పు మావా అన్నాడు. గట్టిగా ఏం చెప్పమంటారు?