అచ్చుమీది బుడిపె

కట్టుడు పళ్ళు తయారుచేసే ఆ మనిషిని చుట్టాలందరూ ‘పళ్ళ మరిది’ అనేవారు. ఆ పేరు పెట్టింది అతని వదినే.

అతని పనిగది పళ్ళ డాక్టరు ఆసుపత్రికి వెనకవైపు ఉండేది. నోట్లోంచి తీసిన అచ్చులో ప్లాస్టర్ పోస్తే, గట్టిపడేటప్పుడు అది వెచ్చబడుతుంది. ఒంట్లో జ్వరమున్నట్టు చేతికి తగులుతుంది. ఇన్నేళ్ళయినా అతనికి ఆ వెచ్చదనం అలవాటు కాలేదు. గోడ పొడుగునా బల్లలమీద ముఖాలు లేని దవడలు బారులు తీరి ఉండేవి. కొన్నింటి సొంతదారులు నోటి క్యాన్సర్‌తో పోయారు; పళ్ళు మాత్రం ఇంకా ఇకిలిస్తూనే ఉన్నాయి.

ముందు గదిలో డాక్టరు ఒక పటం తగిలించాడు: ఆ జబ్బు ఏ దేశంలో ఎందరిని పొట్టన పెట్టుకుంటోందో. మగవాళ్ళ గీతలు నిలువెత్తు. ఆడవాళ్ళవి చాలా దేశాల్లో మోకాలెత్తు. వయసు పెరిగేకొద్దీ రెండూ పైకి పాకుతాయి. కొన్ని దేశాల్లో ఆ రెండు గీతలూ భుజం భుజం కలిపి నిలబడ్డ సంగతి ఎవరి కంటా పడలేదు.

వదిన బట్టలు కుడుతుంది. నలభై దాటి ఎంతోకాలం కాలేదు. మిషను ముందు కునుకు రాకుండా బుగ్గన పొగాకు పెట్టుకునేది. ఆమెకు కింది పళ్ళు రెండు ఊడితే, ఇంటి మనిషికి డాక్టరెందుకని మరిదే అచ్చు తీశాడు. ప్లాస్టర్‌లో నాలుక వైపున మిరియపు గింజంత బుడిపె తేలింది. అచ్చులో గాలిబుడగ చిక్కితే అలా తేలడం మామూలే. చాకుమొనతో గీకి నునుపు చేశాడు.

పళ్ళ సెట్టు మొదటిరోజునుంచే ఒరుసుకుంది. నీ పళ్ళు అన్నం మానేసి నన్ను కొరుకుతున్నాయని వదిన ఎగతాళి చేసింది. అతను అరగదీశాడు, మళ్ళీ అరగదీశాడు. చివరకు కొత్తగా అచ్చు తీశాడు.

మధ్యాహ్నం, ఇంకా వేడి తగ్గని ప్లాస్టర్‌ను విప్పితే, అదే చోట బుడిపె. ఈసారి శనగగింజంత. చాకు దానంతటదే చేతిలోకి వచ్చింది. గాలిబుడగ వెతుక్కుంటూ పాతచోటికే రాదన్న ఆలోచన ఆ తర్వాత వచ్చింది. వెనక దవడలన్నీ తనవైపు తిరిగినట్టనిపించి చాకు బల్లమీద పెట్టేశాడు.

ఆడమనిషి, యాభై నిండలేదు. పటంలో ఆ గీత పొట్టిది. పొట్టిదాన్ని లేనిదిగా చదువుకున్న నేరం పటానికి అంటగట్టడం అన్యాయం. ఆ పొట్టి గీతలోనూ నిండు మనుషులే ఉన్నారు. వాళ్ళ చావు మోకాలెత్తున రాలేదు.

ఆ ప్లాస్టర్ అచ్చు తీసుకెళ్ళి వదిన అరచేతిలో పెట్టాడు.

“ఏంటయ్యా మరిదీ, ఇంకో రెండు పళ్ళు కొసరా?”

అతను బుడిపె చూపించాడు. ఆమె దాన్ని వేలితో తాకి, నాలుకతో నోట్లో అదే చోటు తడుముకుంది. బుగ్గ కదలడం ఆగిపోయింది.

“మొదటిసారి కూడా వచ్చింది వదినా. బుడగనుకుని గీకేశాను.”

“నాకూ తగులుతూనే ఉందిలే. అది మగాళ్ళ జబ్బని నువ్వే కదా చెప్పావు.”

“తప్పు చెప్పాను.”

ఆమె పొగాకు ఉమ్మేసి, సగం కుట్టిన చొక్కా మిషనుమీదే వదిలి, చెప్పులు వేసుకుంది.

డాక్టరు లైటు దగ్గరకు లాగి, నాలుక పక్కకు జరిపి, చాలాసేపు చూశాడు. తర్వాత వయసెంత అని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన ముందు గది గోడమీది పటంవైపు ఒకసారి చూసి, మళ్ళీ అదే ప్రశ్న అడిగాడు.