సారు కనిపించని మూడు రోజులు

ఆ రోజుల్లో ఊళ్ల నుంచి కామారెడ్డికి డిగ్రీ చదవడానికి వచ్చిన మేం ఏ సబ్జెక్టు ఎందుకు తీసుకున్నామో మాకే తెలిసేది కాదు. తత్వశాస్త్రంలో ఏది రాసినా పాస్ చేస్తారని ఒక సీనియర్ చెప్పాడు, నేను తీసుకున్నాను. (అతను అందులోనే రెండుసార్లు తప్పాడని తర్వాత తెలిసింది.) నన్ను చేర్పించడానికి మాచారెడ్డి నుంచి వచ్చిన మా బాపు, "గిది చదివితే ఏం నౌకరి వస్తది బిడ్డా?" అని అడిగాడు. "ఆలోచన వస్తది బాపు" అన్నాను. "గది ఇంట్ల కూసున్నా వస్తది గదరా" అన్నాడు.

క్లాసులో పదకొండు మందిమి. సారు ఎల్లారెడ్డి నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. పర్మినెంటు కాదు, ఏటేటా రెన్యువల్ చేస్తేనే ఉండే పార్ట్‌టైం ఉద్యోగం. వేరే ఆధారం లేదని ఆయనే ఒకసారి అన్నాడు. చొక్కా మీది దుమ్ము దులుపుకుంటూ వచ్చి హాజరు పిలిచేవాడు. రానివాళ్లకు నేనే గొంతు మార్చి పలికేవాణ్ని. ఆయనకు తెలుసు. "రాజంపేటాయనకు ఇయ్యాల జర జలుబు జేసినట్టుంది" అని నవ్వి, టిక్కు పెట్టేవాడు.

ఒక సోమవారం ఆయన డస్టర్ ఎత్తి చూపించి, "ఇది ఉన్నదని మీకెట్ల తెలుసు?" అని అడిగాడు. కనబడుతున్నది సార్ అన్నాం. "కలల గూడ కనబడతది గదా. డస్టర్ సంగతి ఇడిసిపెట్టుర్రి. నేనున్నట్టు మీకెట్ల తెలుసు? రేపు ఆలోచించుకొని రార్రి." క్యాంటీన్ వెనక నిలబడి నిజంగానే ఆలోచించాం. ఉపాయం నాదే. "సారు లేడనుకుందాంరా. ఎవ్వడు జూడొద్దు, ఎవ్వడు పలకొద్దు. మస్తు మజా వస్తది."

మంగళవారం ఆయన లోపలికొస్తే ఎవరూ లేవలేదు. హాజరు పిలిస్తే, పదిమందికి పలికే నేను నాకు కూడా పలకలేదు. ఆయన ముందరే పక్కవాడితో పోచారం డ్యాం పిక్నిక్ గురించి మాట్లాడాను. సారు ఒక నిమిషం బిత్తరపోయి, ఆ తర్వాత పకపకా నవ్వాడు. "శభాష్! ఇదీ జవాబంటే!" అని గంటసేపు హుషారుగా పాఠం చెప్పాడు. కోప్పడి ఉంటే ఆట అక్కడితో ఆగేదేమో. బుధవారం నవ్వు సగమే వచ్చింది. "సమజైంది బిడ్డా, ఇగ బంద్ జెయ్యుర్రి" అంటూ నా బెంచీ ముందుకొచ్చి నిలబడ్డాడు. నేను ఆయన చొక్కా గుండీలోంచి వెనకున్న బోర్డును చదువుతున్నట్టు చూశాను. (ఈ విద్య మీద అప్పట్లో నాకు చాలా గర్వం.)

గురువారం ఆయన పుస్తకం తెరవలేదు. బల్ల మీద వేళ్లతో కొడుతూ, "ఒక్కలన్న జూడుర్రి" అన్నాడు. ఎవరూ చూడలేదు. గొంతు పెరిగింది. నా భుజాలు పట్టుకుని ఊపుతూ, "నేనున్ననా, లేనా? చెప్పు!" అని అరిచాడు. గుమ్మంలో ప్రిన్సిపాల్ నిలబడి ఉన్నాడు.

"ఏంది లొల్లి?" అన్నాడు. సారు నా భుజాలు వదిలేశాడు. ప్రిన్సిపాల్ నన్నే అడిగాడు. నేను వినయంగా లేచి, "సారు సోమవారం నుంచి గిట్లనే అడుగుతున్నడు సార్, నేనున్ననా లేనా అని" అన్నాను. అందులో ఒక్క మాట అబద్ధం లేదు. (తత్వశాస్త్రంలో నాకు వచ్చినదల్లా ఇదొక్కటే.) వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. సారు నోరు తెరిచి, మా పదకొండు మంది మొహాలూ చూసి, మూసుకున్నాడు.

మర్నాటి నుంచి ఆయన బస్సు దిగలేదు. సారుకు దిమాక్ ఖరాబైందన్న కబురు మాత్రం అదే బస్సెక్కి ఎల్లారెడ్డి చేరింది. ఆ తర్వాత ఏ కాలేజీ ఆయన్ను పిలవలేదు. మేమందరం పాసయ్యాం.

పాతికేళ్లకు, పోయిన వానాకాలం, విత్తనాల పని మీద ఎల్లారెడ్డి వెళ్లాను. బస్టాండు పక్క హోటల్లో సారు ఒక్కడే కూర్చుని చాయ్ తాగుతున్నాడు. "నమస్తే సార్" అన్నాను. ఆయన తల తిప్పి వెనక ఎవరున్నారోనని చూశాడు. "నాకేనా?" అన్నాడు. పేరు చెప్పాను. ఆ ఆట పెట్టింది నేనేనని, చెప్పాల్సిందంతా నిలబడే చెప్పాను. ఆయన చాయ్ ఊదుకుంటూ విన్నాడు.

"మొదటి దినం ఆటేనని తెలుసు. రెండో దినం గూడ తెలుసు. మూడో దినం నాకే జర అనుమానమొచ్చింది బిడ్డా" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. "మా ఇంటామె గూడ శానా ఏండ్లు నన్ను భయం భయంగ జూసింది. పోయేదాక గట్లనే జూసింది. గీ మాట ప్రిన్సిపాల్‌కు చెప్పినవా?"

"ఆయన గూడ పోయిండ్రు సార్."

"మరి ఇగ ఎవలికి చెప్తవు?"

బస్సెక్కి, కిటికీలోంచి తల బయటపెట్టి, మలుపు తిరిగేదాకా ఆయన్నే చూశాను. పక్క సీటులోని అవ్వ కూడా తొంగిచూసింది. "ఎవలు బిడ్డా, గా పిచ్చి సారేనా?"

"పిచ్చి లేదవ్వా. మా సారు" అన్నాను, గొంతు మార్చకుండా. సోమవారం డస్టర్ దగ్గర్నుంచి మొదలుపెట్టాను. లింగంపేట రాకముందే ఆమె నిద్రపోయింది. నేను మాత్రం, ఒకప్పుడు క్లాసులో పదిమందికి పలికిన ఆ కుర్రవాడి హుషారుతోనే, నిద్రపోతున్న అవ్వకు కామారెడ్డి దాకా చెబుతూనే ఉన్నాను.