అరుగుదల చూసే మనిషి

మా నాన్న ట్రెడ్‌మిల్ మెకానిక్. ఇళ్ళకు వెళ్ళి, మనిషిని ఉన్నచోటే నడిపించే ఆ యంత్రాలను బాగుచేస్తాడు. "పనిచేయడం లేదండీ" అని ఫోన్ చేసేవాళ్ళలో ఎక్కువమంది పాతికేళ్ళ వయసువాళ్ళే. తీరా వెళ్ళి చూస్తే యంత్రం నిక్షేపంలా ఉంటుంది, దాని పిడుల మీద తువ్వాళ్ళూ చొక్కాలూ ఆరుతుంటాయి. నాన్న వాటిని మర్యాదగా మడతపెట్టి పక్కన పెట్టి, కొన్న రోజు నుంచి యంత్రం ఎంత దూరం తిరిగిందో దాని తెర మీద చూస్తాడు. రెండేళ్ళలో నాలుగంటే నాలుగు కిలోమీటర్లు తిరిగిన యంత్రాన్ని కూడా చూశాడట.

ఇంకొకరైతే నవ్వుకుని, తమ పని చూసుకుని వచ్చేస్తారు. మా నాన్నకు అలా కుదరదు. సంగతేమిటో తెలిసేదాకా ఆయనకు ముద్ద దిగదు. "ఏ రోజు ఆపేశారు?" అని అడుగుతాడు. ఎందుకు ఆపేశారని మాత్రం అడగడు. ఎందుకని అడిగితే జనం సాకులు చెప్తారనీ, ఏ రోజని అడిగితే ఆలోచనలో పడి నిజం చెప్పేస్తారనీ ఆయన సిద్ధాంతం. ఒకతను చాలాసేపు ఆలోచించి, తను ప్రేమించిన అమ్మాయి పెళ్ళి మాట విన్న రోజు ఆపేశానన్నాడట. యంత్రానికి నూనె వేయడానికి వెళ్ళిన నాన్న, అతని వీపు నిమిరి వచ్చాడు.

ఇంట్లోనూ అదే చూపు. చుట్టాలొస్తే ముందు గుమ్మంలో విడిచిన చెప్పులు చూస్తాడు. ఎవరికి మోకాలు నొప్పో, ఎవరు తొందర మనిషో చెప్పేస్తాడు. "ముందు మనిషిని పలకరించవయ్యా, మడమల సంగతి తర్వాత చూద్దువుగాని" అని అమ్మ విసుక్కుంటుంది.

ఇక నా సంగతికొస్తాను. నాకు ఉద్యోగం వచ్చాక, ఆఫీసుకు దగ్గర్లో గది తీసుకుని ఒక్కదాన్నే ఉంటానన్నాను. పట్టుమని పది రోజులుండలేవని అమ్మ తేల్చేసింది. నాన్న మాత్రం, "మూడు నెలలు ఉండనీ. తర్వాత నేనెళ్ళి చూస్తా. అక్కడ మనిషి బతుకుతున్నట్టు కనిపిస్తే ఉంటుంది, లేదంటే మూట సర్దుకుని వచ్చేస్తుంది" అన్నాడు. నేను ఒప్పుకున్నాను. ఓడిపోయి అమ్మ ముందు నిలబడటం కన్నా ఏదైనా నయమే అనిపించింది.

ఆ మూడు నెలల్లో నేను కొన్నవి చెప్తే మీరు నవ్వుతారు. పరుగు బూట్లు, మిక్సీ, ఒవెన్, రంగుల డబ్బాలు, గిటారు, కూర్చుని ధ్యానం చేసుకోవడానికి ఒక చాప. జీతం వచ్చినంత వేగంగానే మాయమయ్యేది. సగం పెట్టెలు విప్పనే లేదు. ఒవెన్ అద్దానికి అంటించిన ప్లాస్టిక్ కాగితం అలాగే ఉండేది. అప్పుడప్పుడూ నా మీద నాకే ఒళ్ళు మండేది. మర్నాడు మళ్ళీ ఇంకోటి కొనేదాన్ని.

ఒక శనివారం మధ్యాహ్నం నాన్న ఫోన్ చేసి, "రేపు పొద్దున వస్తున్నా" అన్నాడు. ఆయన ఏం చూస్తాడో నాకు తెలుసు కదా. అందుకని పెట్టెలన్నీ విప్పేసి, ఒవెన్ మీది ప్లాస్టిక్ పీకేశాను. సగం రంగులు చెత్తబుట్టలోకి ఒంపేశాను. బూట్లు రెండూ పట్టుకుని మెట్ల పక్క గోడకు చేతులు పడిపోయేదాకా రుద్దాను. చివరికి మిక్సీకి కూడా కాస్త వయసు పెంచుదామని, అందులో ఏమీ వేయకుండా ఇరవై నిమిషాలు తిప్పాను. అది కాసేపు అరిచి, పొగ వదిలి, చప్పుడు లేకుండా పోయింది. నా తెలివి అలా తెల్లారింది.

మర్నాడు నాన్న వచ్చాడు. మంచినీళ్ళు తాగి, గదంతా ఒకసారి చూసి, నేరుగా బూట్ల దగ్గరికి వెళ్ళి ఒకటి తిరగేశాడు.

"అమ్మలూ, ఇవేసుకుని ఎక్కడ నడుస్తున్నావు?"

"పార్కులో నాన్నా. రోజూ."

"మనిషి నడిస్తే మడమ బయటి అంచు మొదట అరుగుతుంది. ఇవి రొట్టె కోసినట్టు సమానంగా అరిగాయి. పైగా సున్నం అంటుకుంది. ఆ పార్కులో గోడల మీద నడవనిస్తారా?"

నేను నేల చూపులు చూశాను. ఆయన మిక్సీ దగ్గరికి వెళ్ళి వాసన చూశాడు. "పాపం, కడుపులో మెతుకైనా పడకుండానే పోయింది" అన్నాడు.

ఇక మూట సర్దుకోవడమే అనుకున్నాను. కానీ ఆయన ముఖంలో కోపం లేదు. ఎవరికీ అంతుపట్టని లోపం దొరికినప్పుడు ఆయన కళ్ళు ఎలా మెరుస్తాయో అలా మెరుస్తున్నాయి.

"వీటిని పనిగట్టుకుని అరగదీశావు, సరే. నిజంగా అరిగింది కూడా ఏదో ఉండాలి కదా. మనిషున్న చోట ఏదో ఒకటి అరక్కుండా ఉండదు" అన్నాడు.

వెతకడం మొదలుపెట్టాడు. కుర్చీ చేతులు తడిమాడు. మంచం అంచు చూశాడు. కిటికీ గడియ రెండుసార్లు వేసి తీశాడు. అలమర పిడులు పట్టుకు లాగాడు. నేను ఆయన వెనకాలే తిరిగాను. నిజం చెప్పొద్దూ, ఏం దొరుకుతుందోనని నాకూ ఆసక్తిగానే ఉంది. చివరికి ఆయన వీధి తలుపు దగ్గర ఆగాడు. బయట ఎవరొచ్చారో చూసుకోవడానికి తలుపుకు చిన్న అద్దం ఉంటుందే, దాని మీది ఇత్తడి మూతను వేలితో తాకాడు. అది అటూ ఇటూ ఊగింది.

"ఇల్లు కొత్తదే కదా?"

"కొత్తదే. ఇందులో దిగిన మొదటిదాన్ని నేనే."

"మరి ఈ మూత ఇరవయ్యేళ్ళ దానిలా వదులైపోయింది. దీన్ని రోజుకు ఎన్నిసార్లు తీసి చూస్తున్నావు?"

ఎందుకని అడుగుతాడేమోనని భయపడ్డాను. ఆయన అడగలేదు.

"ఏ రోజు మొదలుపెట్టావు తల్లీ?" అన్నాడు.

ఆ రోజు నాకు బాగా గుర్తుంది. "వచ్చిన రెండో వారం, బుధవారం. నీళ్ళ సీసా ఒకటి తెప్పించుకున్నా. పార్సిల్ అతను తలుపవతల నిలబడి నా పేరు పెట్టి పిలిచాడు. పొద్దుటి నుంచి నన్ను పేరు పెట్టి పిలిచిన మనిషి అతనొక్కడే నాన్నా. ఆఫీసులో అందరూ చెవుల్లో ఏదో పెట్టుకుని కూర్చుంటారు. మీరు ఫోన్లో పిలుస్తారు, కాదనను. కానీ తలుపు దగ్గరికొచ్చి పిలవడం వేరు. మర్నాడు ఇంకోటి తెప్పించా. అతనొచ్చే వేళకి ఇక్కడొచ్చి నిలబడేదాన్ని."

ఏడుపు వచ్చేసింది. సిగ్గు కూడా వేసింది. ఒక్క పిలుపు కోసం ఒవెన్ కొనే మనిషి ఎక్కడైనా ఉంటుందా?

నాన్న సంచీలోంచి స్క్రూడ్రైవర్ తీసి, ఆ మూతను మెల్లగా బిగించాడు. బిగిస్తూనే, "ఇంటికి వచ్చేస్తావా?" అన్నాడు.

"రాను."

ఆయన తలూపి, తలుపు తీసుకుని బయటికి నడిచి, ఎదురింటి బెల్ కొట్టాడు. "నాన్నా, వద్దు" అని నేను గొంతు తగ్గించి ఎంత పిలిచినా వినిపించుకోలేదు. అమ్మకన్నా కాస్త పెద్దావిడ తలుపు తీసింది. కుట్టుమిషన్ దగ్గర నుంచి లేచొచ్చినట్టుంది, మెడలో కొలత టేపు వేలాడుతోంది.

"అక్కయ్యగారూ, ఎదురింటి అమ్మాయి మా అమ్మాయే. ఇక్కడే ఉంటుంది" అన్నాడు నాన్న. తీర్పు నాకు అలా తెలిసింది. "మూడు నెలలైనా మీతో పరిచయమే అయినట్టు లేదు."

"ఎలా అవుతుందండీ. రోజూ ఆ తలుపు దగ్గర ఎవరో ఒకరు నిలబడే ఉంటారు. పదిమంది వచ్చిపోయే మనిషి కదా, మధ్యలో మనమెందుకులే అని ఊరుకున్నాం."

నాన్న వెనక్కి తిరిగి నన్నోసారి చూశాడు. "అయితే తన పేరు కూడా మీకు తెలీదన్నమాట."

"తెలీకపోవడమేంటి? ఆ పార్సిల్ అతను కేకేసి పిలుస్తుంటే మా ఇంటిల్లిపాదికీ నోటికొచ్చేసింది" అని, ఆవిడ నాన్న భుజం మీదుగా నా వైపు చూసి, నా పేరు పెట్టి పిలిచి లోపలికి రమ్మంది. నేను వెళ్ళాను.